మంచి కాలికి వచ్చిన నొప్పి

కరోనా భయం తగ్గి, బడులు మళ్లీ సరిగ్గా నడవడం మొదలైన ఏడాది అది. నంద్యాలలో మా సైకిల్ అంగడికి అప్పుడు మంచి గిరాకీ. మూలన పడేసిన సైకిళ్లన్నీ తుప్పుతో, గాలిపోయిన ట్యూబులతో ఒక్కసారిగా బయటికొచ్చాయి. మా నాయన పెట్టిన అంగడి ఇది. నేను ఇందులోనే పెరిగాను, నా తల ఇందులోనే నెరిసింది. ఊళ్లో ఎవరినడిగినా సైకిల్ బాషా అంగడికి దారి చెబుతారు.

ఈ పనిలో నాకు ఒళ్లు మండించే సంగతి ఒకటుంది. సైకిల్ కొనడానికి వచ్చినవాళ్లు ముందు రంగు చూస్తారు, తర్వాత బెల్లు మోగించి చూస్తారు, ఆ తర్వాత సీటెక్కి రెండు అరికాళ్లూ నేల మీద పరుస్తారు. పాదాలు నిండుగా ఆనితే మొహం వెలిగిపోతుంది. మడమలు కాస్త లేస్తే చాలు, సీటు దించమంటారు. కాళ్లు నేలకు ఆనాల్సింది కుర్చీలో కూర్చున్నప్పుడు గానీ సైకిల్ మీద కాదయ్యా అని నేను అరుస్తూనే ఉంటాను. వాళ్లు దించమంటూనే ఉంటారు.

సరైన ఎత్తు తెలుసుకోవడం పెద్ద విద్యేం కాదు. గోడ పట్టుకుని సీటు మీద నిటారుగా కూర్చోవాలి. ఒక పెడల్‌ను పూర్తిగా కిందికి తెచ్చి దాని మీద మడమ పెట్టాలి. అప్పుడు మోకాలు చక్కగా చాచుకోవాలి, నడుము మాత్రం పక్కకు ఒరగకూడదు. తొక్కేటప్పుడు మనం మడమతో కాదు, పాదం ముందు భాగంతో తొక్కుతాం కాబట్టి మోకాలు కొంచెం వంగుతుంది. ఆ కొంచెం వంపే కావాలి. అంత ఎత్తులో కూర్చుంటే నేలకు కాలి వేళ్లు మాత్రమే అందుతాయి. అందుకే జనానికి భయం. సీటు దించుకుంటారు, మోకాళ్లు మడిచి తొక్కుతారు, నాలుగు నెలలకు నొప్పి అని సైకిల్‌ను తిట్టుకుంటారు.

వానాకాలం చివర్లో ఒక మధ్యాహ్నం ఒకావిడ అంగడి మెట్టెక్కింది. నలభై ఏళ్లుంటాయి. కుంటుతూ వచ్చింది. ఎముకల డాక్టరు పంపించాడని చెప్పింది. ఆ డాక్టరు నాకు తెలుసు, వాళ్ల అమ్మాయి సైకిల్‌కు సీటు కుదిర్చింది నేనే. ఆయన ఈవిడ మోకాలికి ఫొటో తీయించి, లోపల అరుగుదల ఏమీ లేదు, నువ్వు సైకిల్ మీద కూర్చునే తీరులోనే ఏదో ఉంది, పోయి బాషాకు చూపించు అన్నాడట. నేను ఆవిడ ఎడమ కాలు వైపు చూశాను. అది పొట్టిదని నడకలోనే తెలుస్తోంది.

"ఈ కాలేనామ్మా నొప్పి?" అన్నాను.

"కాదన్నా. ఇది చిన్నప్పుడు బండి మీద నుంచి పడి ఇరిగింది, కట్టు కుదురుగా పడలా. పొట్టిదైతే అయ్యింది గానీ దీనికి ఏ నొప్పీ లేదు. నొప్పంతా ఈ మంచి కాలికే."

నాకు అప్పుడే కుతూహలం పుట్టింది. సైకిల్ ఏదని అడిగితే ఇంటి దగ్గరుందంది. కాలు తెచ్చి సైకిల్ ఇంటి దగ్గర పెట్టొస్తే నేనేం చూడాలమ్మా అని విసుక్కున్నాను. ఆవిడ నవ్వలేదు. బల్ల మీద కూర్చుని తన కథంతా చెప్పింది.

పేరు ఓబులమ్మ. ఊరు ఆళ్లగడ్డ అవతల, దొర్నిపాడు రోడ్డులో. భర్త పోయాక జొన్న రొట్టెలు చేసి అమ్ముకుంటోంది. సాయంత్రం అయ్యేసరికి రొట్టెలు, చెనిక్కాయల చట్నీ బుట్టలో సర్ది, సైకిల్ క్యారియర్‌కు కట్టుకుని ఆళ్లగడ్డ తీసుకుపోతుంది. విత్తనాల కంపెనీల్లో పనిచేసే కుర్రాళ్ల గదులు, రాతి శిల్పాలు చెక్కేవాళ్ల షెడ్లు, కొన్ని ఇళ్లు. అందరికీ చేతికి వేడిగా అందాలి. సైకిల్ ఆవిడ మేనకోడలిది, బడిలో ఇచ్చినది. తొక్కడం నేర్పింది కూడా ఆ పిల్లే. స్కూటీ కొనుక్కోలేదా అంటే, అదీ చూశానంది. ఆగినప్పుడు బండి ఎడమ పక్కకే ఒరుగుతుంది, ఆ బరువు ఈ పొట్టి కాలు ఆపలేదు. నడివీధిలో బండి తన మీద పడిపోయింది. జనం లేపుతూనే నవ్వారట.

అసలు బాధ వేరే ఉంది. భర్త అన్న నరసింహులుకు ఆళ్లగడ్డలో మెస్సు ఉంది. మోకాలు నొప్పి మొదలైనప్పటి నుంచి ఆయన పట్టుబట్టి కూర్చున్నాడు. ఉన్న ఒక్క మంచి కాలునూ పోగొట్టుకుంటావా, సైకిల్ నాకిచ్చేయ్, మా వంట మాస్టరుకు పనికొస్తాది, నువ్వు మా మెస్సులో నీడపట్టున కూర్చుని రొట్టెలు కాల్చు అంటున్నాడు. దసరా లోపల ఏదో ఒకటి చెప్పమన్నాడు. చెడ్డవాడేం కాదని ఓబులమ్మే అంది. కాకపోతే ఆ మెస్సులో కూర్చుంటే ఇక తను బావగారి కింద మనిషే.

"ఇంగ నా రొట్టె అనేది ఉండదన్నా. మెస్సు రొట్టె అంటారు," అంది.

నేను కూడా నాయన పెట్టిన అంగడికి నా పేరు తెచ్చుకున్నవాణ్ని. ఆ మాట నాకు సూటిగా తగిలింది. సైకిల్ తీసుకురామ్మా, చూద్దాం అన్నాను.

రెండు రోజుల్లో కూరగాయల ఆటోలో సైకిల్ వచ్చింది, వెనకే బస్సులో ఆవిడ వచ్చింది. గోడ పక్కన సైకిల్ పెట్టి కూర్చోమన్నాను. కూర్చోగానే ఎడమ పాదం నిండుగా నేల మీద పరిచి, చూడన్నా ఎంత బాగా ఆనుతోందో అంది. నేను కుడి వైపు పోయి చూశాను. పెడల్ పైకొచ్చినప్పుడు ఆ కుడి మోకాలు దాదాపు హ్యాండిల్‌కు తగులుతోంది. పెడల్ అడుగుకు పోయినా మోకాలు సగం మడిచే ఉంది. గొంతుకూర్చున్న మనిషి ఒంటి కాలి మీద బరువు లేపినట్టు, ఆవిడ ఊరి నుంచి ఆళ్లగడ్డ దాకా రోజూ అలా తొక్కుతోంది. నొప్పి రాకుండా ఎక్కడికి పోతుంది!

ఇందులో తిరకాసు ఏమిటంటే, మనందరం సైకిల్ ఎడమ పక్క నుంచే ఎక్కుతాం, ఎడమ పక్కకే దిగుతాం, ఆగినప్పుడు ఎడమ కాలే దించుతాం. ఎవరు నేర్పినా అలాగే నేర్పుతారు. ఓబులమ్మకు పొట్టి కాలు ఎడమది. అది నిండుగా నేలకు ఆనేదాకా మేనకోడలు సీటు దించుకుంటూ పోయింది. పొట్టి కాలి కొలత సీటుకు పెట్టి, దాని శిక్ష పొడుగు కాలికి వేశారన్న మాట. ఎడమ కాలు పొట్టిది కాబట్టి దాని మోకాలు అంతగా మడవాల్సిన పని పడలేదు, దానికి ఏ నొప్పీ రాలేదు.

సంగతి తెలిసింది కదా, పని అయిపోయిందనుకున్నాను. అవలేదు. ముందు సీట్ పోస్ట్ బిగుసుకుపోయి ఉంది. సీటు కింద ఉండే ఇనుప గొట్టం అది, సీటును ఎత్తాలన్నా దించాలన్నా అదే కదలాలి. ఏళ్ల తరబడి దించే ఉంచడంతో లోపల తుప్పు పట్టి ఫ్రేముకు అతుక్కుపోయింది. కిరసనాయిలు పోసి ఒక రాత్రి వదిలేసి, పొద్దున నేనూ పక్క అంగడాయనా చెరో వైపు పట్టి మెలేస్తే కీచుమని కదిలింది. కుడి కాలి మడమ లెక్క ప్రకారం సీటు ఎత్తాను. కుడి మోకాలు హాయిగా చాచుకుంది. ఇప్పుడు ఎడమ పాదం పెడల్‌కు అందలేదు.

ఓబులమ్మ మొహం చిన్నబోయింది. దించేయన్నా, నా రాత ఇంతే అంది. నాకు కోపం వచ్చింది. రాత సంగతి తర్వాత, ముందు కొలత సంగతి చూడనీయమ్మా అన్నాను.

కాలు పొడుగు చేయలేం గానీ, పెడల్‌ను కాలి దగ్గరికి తేవచ్చు. రెండు కాళ్లనూ విడివిడిగా కొలిచాను. తేడా రెండు వేళ్ల మందం వచ్చింది. ఎడమ పెడల్ రబ్బర్లు ఊడబీకి, వాటి చోట అంత మందం వేప చెక్క బోల్టులతో బిగించి, జారకుండా పైన పాత టైరు ముక్క వేశాను. ఒక వైపే వేస్తే చెక్క బరువుకు పెడల్ తిరగబడి బోడి వైపు పైకొస్తుంది. అందుకని రెండు వైపులా వేశాను. చూడ్డానికి ఇటుకరాయి లాగుంది. అయినా నాకు బాగా గర్వంగా ఉంది.

ఆవిడ అంగడి వెనకున్న బడి మైదానంలో రెండు చుట్లు కొట్టి వచ్చి నడుము పట్టుకుంది. "మోకాలు బాగుండాదన్నా. నడుం పట్టేసింది. ఆ కాలు నాది కాదు, యెవరిదో తెచ్చి తగిలించినట్టుండాది."

నా గర్వం అక్కడే దిగిపోయింది. రాత్రంతా దాని గురించే ఆలోచించాను. చిన్నప్పటి నుంచి ఆవిడ నడుము ఆ తేడాకు అలవాటుపడి ఉంది. నేను ఒక్క పూటలో తేడా మొత్తం చెరిపేస్తే అది ఒప్పుకుంటుందా? మరునాడు చెక్క ఊడదీసి చిత్రిక పట్టాను. మళ్లీ తొక్కించాను. మళ్లీ కాస్త చిత్రిక. చెక్క సన్నబడే కొద్దీ సీటు కూడా వెంట్రుకవాసి దించుతూ పోయాను. రోజూ బస్సులో వచ్చిపోయే ఆవిడ ఓపిక గొప్పది. ప్రతిసారీ నోటితో కాదు, నడుముతోనూ మోకాలితోనూ ఆలోచించి చెప్పేది. చివరికి సగం కంటే కాస్త ఎక్కువ మందం దగ్గర చుట్టు కొట్టి వచ్చి, ఏమీ చెప్పకుండా ఇంకో చుట్టు పోయింది. తర్వాత ఇంకోటి. అప్పుడు నేను స్పానర్ కింద పెట్టాను.

కొలత కుదిరింది. భయం మిగిలింది. ఇప్పుడు సీటు మీద కూర్చుంటే ఎడమ పాదం నేలకు అస్సలు అందదు. ఆగాల్సి వచ్చినప్పుడల్లా ఆవిడకు స్కూటీ మీద పడ్డ రోజు కళ్ల ముందుకొచ్చేది. మైదానంలో ఒకసారి ఆగబోయి, అలవాటు కొద్దీ ఎడమ కాలు చాచి, గాలిలో వెతుక్కుంటూ పక్కకు పడింది. మోచెయ్యి గీరుకుంది. లేచి మట్టి దులుపుకుంటూ ఏడ్చేసింది.

"నీకేమిలే అన్నా, నువ్వు ఆగితే ఆగినట్టుంటావు. నేను పడితే ఊరంతా చూస్తాది. మెస్సులో కూచుంటే కనీసం పడేది లేదు గదా."

ఆ మాటకు నేను అరవలేకపోయాను. పక్కనే కూర్చున్నాను. నేల మీద కాళ్లు పరుచుకోవాలనుకునే జనం మీద ఇన్నేళ్లూ చిరాకుపడ్డాను గానీ, పడ్డవాళ్ల భయం ఇంత దగ్గర నుంచి చూడటం నాకదే మొదలు. సీటు మీద కూర్చుని ఆగాలని నీకు ఎవరు చెప్పారమ్మా అని అడిగాను. ఆడవాళ్ల సైకిల్‌కు ముందు అడ్డకడ్డీ ఉండదు. బ్రేకు పట్టి, సైకిల్ నెమ్మదించగానే సీటు వదిలి ముందుకు జారి నిలబడటమే. అప్పుడు దించాల్సింది ఎడమ కాలు కాదు, పొడుగ్గా ఉన్న కుడి కాలు. రోడ్డు వైపు దిగితే లారీలొస్తాయి కదన్నా అంది. దిగొద్దు, సైకిల్ పక్కనే నిటారుగా పాదం ఆనించి నిలబడు, ఎడమ కాలు పెడల్ మీదే ఉంచు, మళ్లీ బయల్దేరేటప్పుడు దాన్ని తొక్కి సీటెక్కు అన్నాను. నేనే చేసి చూపించాను. నా పొట్టతో ఆ ఆడవాళ్ల సైకిల్ మీద నేను జారడం చూసి ఆవిడ ఏడుపు ఆపి నవ్వింది.

ఆ సాయంత్రమంతా ఒకటే పని. కాస్త దూరం పోవడం, జారడం, కుడి కాలు మీద నిలబడటం. పొద్దు వాలే వేళకు నేను చప్పట్లు కొడితే ఎక్కడంటే అక్కడ ఆగేది.

దసరా దగ్గరపడిందనగా ఫోన్ చేసింది. బావ రేపు వచ్చి నేను తొక్కేది చూస్తానన్నాడు, నువ్వూ రా అన్నా అంది. వంతెన ఒకటుంది, దాని గురించే నా భయం అంది. ఊరికీ ఆళ్లగడ్డకూ మధ్య కాలువ మీద వంతెన. దాని ఎక్కుడు ఎత్తుగా ఉంటుంది. బుట్ట కట్టుకుని ఆవిడ ఒక్కసారి కూడా దాన్ని తొక్కి ఎక్కలేదు, దిగి కుంటుతూ తోసుకుంటూ పోయేది. అంగడికి తాళం వేసి పోయాను.

నరసింహులు మోటార్ సైకిల్ మీద వచ్చాడు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, మాట కటువు. ఆ పెడల్ చూసి, ఏందప్పా ఈ కట్టెముక్క అన్నాడు. నేను చెప్పబోతే, తొక్కినాక చెప్పుదువులే అన్నాడు. ఓబులమ్మ బుట్ట కట్టుకుని కదిలింది. నేను ఆయన బండి వెనక కూర్చున్నాను. ఇద్దరం వెంట పోయాం.

వంతెన దగ్గరపడింది. "ఈడ దిగుతాది సూడు. యెప్పుడూ ఈడే దిగుతాది," అన్నాడు నరసింహులు.

దిగలేదు. వేగం తగ్గింది, హ్యాండిల్ కొంచెం ఊగింది. నేను వెనక కూర్చుని ఆయన భుజం గట్టిగా పట్టేసుకున్నానని తర్వాత తెలిసింది. కుడి మోకాలు నిండా చాచుకుని, ఎడమ పాదం చెక్క మీద నిండుగా నొక్కుకుని, కుడీ ఎడమా ఒకే తీరుగా తొక్కుతోంది. సరిగ్గా పైకి చేరే చోట మేకల మంద రోడ్డు నిండా అడ్డమొచ్చింది. ఆవిడ బ్రేకు పట్టి, సీటు వదిలి ముందుకు జారి, కుడి కాలు మీద నిటారుగా నిలబడింది. బుట్ట కదల్లేదు. మేకలు పోయేదాకా అలాగే నిలబడి, కాపరిని బేగా తోలుకో నాయనా, రొట్టెలు చల్లారతాండాయి అని గదమాయించింది. తర్వాత ఆ ఎక్కుడు మీద నుంచే ఎడమ పెడల్ తొక్కి సీటెక్కి, వంతెన దాటి, అటువైపు పల్లంలో బెల్లు కొట్టుకుంటూ దిగిపోయింది.

నేను బండి మీదే గట్టిగా అరిచాను. నరసింహులు బండి మెల్లగా పోనిచ్చాడు.

శిల్పాల షెడ్ దగ్గర రొట్టెలు ఇస్తుంటే మేం చేరుకున్నాం. పనివాళ్లు ఉలులు పక్కన పెట్టి తింటున్నారు. నరసింహులు బండి దిగి, ఆ పెడల్‌ను చేత్తో తిప్పి చూశాడు. నొప్పుందా అని అడిగాడు. లేదంది. ఆయన మళ్లీ మొదలుపెట్టాడు.

"సరేలే, మెస్సు మాట వదిలేస్తా. ఈ పాతది మాస్టరుకు ఇచ్చేయ్. నీకు కొత్తది నేను కొనిస్తా."

ఆయన మర్యాద నిలుపుకోవడానికే ఆ మాట అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు కూడా. ఓబులమ్మ చెయ్యి తుడుచుకుంది.

"ఇది నా రెండు కాళ్లకూ కొలిచి చేసిన సైకిలు బావా. మీ మాస్టరుకు పట్టదు. ఊళ్లో యెవురికీ పట్టదు." బుట్ట సర్దుకుంటూ అంది. "మెస్సుకు రొట్టెలు కావాలంటే చెప్పు, దావలోనే గదా, నేనే తెచ్చి ఇస్తా."

నరసింహులు తల గోక్కున్నాడు. రేపటి నుంచి ఎన్ని తేగలవో చెప్పు అన్నాడు. షెడ్‌లో తింటున్నవాళ్లు పెద్దగా నవ్వారు. ఈసారి ఆ నవ్వు ఆవిడ మీద కాదు. ఆవిడ కూడా వాళ్లతో కలిసి నవ్వింది.

తిరుగు బస్సులో ఆవిడ కట్టిచ్చిన రొట్టెలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నేను ఇన్నేళ్లూ మడమ పెట్టించి చూసింది ఒక్క కుడి కాలే. రెండోదీ అంతే ఉంటుందనుకున్నాను. ఆనాటి నుంచి ఎవరొచ్చినా రెండు వైపులా కూర్చోబెట్టి చూస్తున్నాను. పైకి తెలియదు గానీ, ఎంతోమందికి కాస్తో కూస్తో తేడా ఉంటుంది. నొప్పి ఒక కాలిలో ఉంటే తప్పు రెండో కాలి లెక్కలో ఉండొచ్చని కూడా అప్పుడే తెలిసింది. ఇంకో మాట. మనిషికి ఆగడం నేర్పకుండా సీటు ఎత్తకూడదు. ముందు ఆగడం నేర్పుతాను, ఆ తర్వాతే స్పానర్ తీస్తాను. ఎత్తుకు వాళ్లంతట వాళ్లే ఒప్పుకుంటారు.

బస్సులో నాలో నేనే నవ్వుకుంటుంటే పక్క సీటాయన నన్నూ, ఒళ్లో మూటనూ చూసి, ఏమన్నా, పెళ్లికి పోయొస్తాండావా అని అడిగాడు.

"లేదప్పా," అన్నాను. "గెలిచొస్తాండా."